విమానం వీపెక్కి వెళ్లిన ఎండీవర్

మా పుట్టిల్లు సూళ్లూరుపేట. ఆ పేరు చెప్పగానే "ఓహో, రాకెట్లు వదిలే ఊరా!" అంటారు ఎవరైనా. రాకెట్లు వదిలేది మా ఊళ్లో కాదండీ. పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు దాటి అవతలికి పోతే శ్రీహరికోట దీవి వస్తుంది, అక్కడ. మాకు డాబా మీదికి కనపడతాయి, అంతే. అయినా ఆ గొప్ప మేం ఎన్నడూ కాదనుకోలేదు.

చిన్నప్పుడు ఇంట్లో పండక్కి ముందు హడావిడి ఎలా ఉంటుందో, రాకెట్ వదిలే రోజు మా వీధిలో అలా ఉండేది. "ఈరోజు వదుల్తున్నారంట" అని పాలాయన మోసుకొచ్చేవాడు కబురు. అందరం డాబాలెక్కి తూర్పుకి తిరిగి నిలబడేవాళ్లం. ముందు నిప్పు కనపడుతుంది, చప్పుడేమీ ఉండదు. అది పైకి పోయి దీపమంత అయ్యాక, ఇంచుమించు ఒక నిమిషం తర్వాత, అప్పుడు వస్తుంది ఉరుములాంటి శబ్దం. వంటింట్లో స్టాండులో గ్లాసులు గలగలమనేవి. మేముండేది ఇరవై కిలోమీటర్ల దూరం కదా, చప్పుడు నడిచి వచ్చేసరికి ఆలస్యమవుతుందని మా నాన్న చెప్పేవారు.

నాన్నకి బజారులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పరీక్షల పాస్ పోర్ట్ సైజు ఫోటోలు, ఎవరైనా పోతే పటం కట్టించే ఫోటోలు... అన్నీ ఆయనవే. ఒక యాషికా కెమెరా ఉండేది, మెడలో వేసుకుని పైనుంచి కిందికి చూసి తీసే రకం. రీలుకి పన్నెండు ఫోటోలే. అందుకని నాన్న బటన్ నొక్కేముందు లెక్కపెట్టుకునేవారు, అమ్మ ఉల్లిపాయలు లెక్కపెట్టుకున్నట్టు.

ఆయన జీవితంలో పోగొట్టుకున్న ఫోటో ఒకటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్ లేచి సముద్రంలో పడిపోయింది. మరుసటి ఏడు 1980 జూలై 18 పొద్దున మళ్లీ వదిలారు. ఈసారి నిలబడింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. ముప్పై ఐదు కిలోలంటే మనం తెచ్చుకునే బియ్యం బస్తా కన్నా కాస్త ఎక్కువ, అంతే! కానీ మన దేశం సొంత రాకెట్ తో సొంత ఉపగ్రహాన్ని పైకి పంపడం అదే మొదలు. ఆ పొద్దున నాన్న యాషికా వేసుకుని స్టూడియో డాబా మీద నిలబడ్డారు. పెళ్లి రీలులో మూడే మూడు మిగిలున్నాయి. పక్కన అమ్మ, ఆమె కడుపులో ఆరో నెల నేను. నిప్పు కనపడగానే నాన్న కంగారుపడి మూడూ వరసగా కొట్టేశారు. కడిగి చూస్తే మూడింట్లోనూ రాకెట్ లేదు. రెండింట్లో ఉత్త కొబ్బరిచెట్లు, ఒకదాంట్లో పొగ. ఆ పొగ ఫోటోనే పెద్దది చేయించి స్టూడియోలో తగిలించారు. వచ్చినవాళ్లు "ఏందిది, గడ్డివామి అంటుకుందా?" అనేవాళ్లు.

నాకు కెమెరా పట్టుకోవడం నాన్నే నేర్పారు. డార్క్ రూములోకి ఆడపిల్ల ఎందుకని నానమ్మ సణిగినా రానిచ్చేవారు. "ఎండ బాగా ఉంటే పదహారు పెట్టు పాపా" అనేది నేను నేర్చుకున్న మొదటి లెక్క. నేను ఇంటర్ తో చదువు ఆపేశాను, లెక్కల్లో మార్కులు చెప్పుకోతగ్గవి కావు. కానీ ఈ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

పెళ్లయ్యాక మద్రాసులో ఏడేళ్లు ఉన్నాం. 2008లో మావారి ఉద్యోగం కోసం అమెరికా వెళ్లాం. కాలిఫోర్నియా రాష్ట్రంలో సన్నీవేల్ అనే ఊరు. తెలుగువాళ్లు ఎంతమందంటే, కూరగాయల కొట్టులో గోంగూర దగ్గర నిలబడితే చాలు, మన జిల్లావాళ్లు ఎవరో ఒకరు పలకరిస్తారు. నాది భర్తతో వెళ్లేవాళ్లకిచ్చే వీసా. దాంతో ఉద్యోగం చెయ్యకూడదు. (తర్వాత 2015లో కొంతమందికి చేసుకోవచ్చన్నారు గానీ అప్పటికి మేం వెనక్కి వచ్చేశాం.) వంట, పిల్లవాడు, బట్టలు, మళ్లీ వంట. ఇండియాలోనూ అదే చేసేదాన్ని, కానీ అక్కడ వద్దన్నందుకు మనసులో ముల్లులా ఉండేది. 2010లో మావారు డిస్కౌంట్లలో ఒక డిజిటల్ కెమెరా కొనిచ్చారు, లెన్స్ మార్చుకునే రకం. దాంతో నాకు కాస్త ఊపిరొచ్చింది. స్నేహితుల ఇళ్లలో సీమంతాలు, బారసాలలు, వ్రతాలు... ఎక్కడికి పోయినా ఫోటోలు నావే. డబ్బులు తీసుకోకూడదు కాబట్టి తీసుకునేదాన్ని కాదు. అరిసెలు, చీరలు పెట్టేవాళ్లు.

ఆ రోజుల్లోనే నాన్నకి కంటి జబ్బు ముదిరింది. నీటికాసులు. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంట్లో చూపు చుట్టూ నుంచి మూసుకొస్తోందని, గొట్టంలోంచి చూసినట్టుందని అనేవారు. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. నొప్పి లేకుండా మెల్లగా తినేస్తుంది కాబట్టి ముందు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ జబ్బు ఉంటే మనం కూడా నలభై దాటాక కంటి ఒత్తిడి చూపించుకోవడం మంచిది. నేను ఏడాదికోసారి చూపించుకుంటున్నాను.

2012 సెప్టెంబర్లో ఫోన్ చేసినప్పుడు నాన్నే అన్నారు.

"పాపా, ఆ అంతరిక్ష నౌక మీ ఊరి మీదుగా పోతుందంటగా. తమ్ముడు పేపర్లో చదివినాడు. ఒక ఫోటో తియ్యమ్మా. పెద్దది చేయించి పంపు. ఉన్న చూపు ఉన్నప్పుడే చూడాల."

అప్పటిదాకా నేను పట్టించుకోలేదు, నిజం చెప్పొద్దూ. మావారిని అడిగి, పేపరు తిరగేసి అప్పుడు తెలుసుకున్నాను. ఆ నౌక పేరు ఎండీవర్. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే నౌక గాలిలో పేలిపోయి ఏడుగురు పోయారు కదా, దాని బదులు కట్టింది ఇది. పేరు పెట్టింది అక్కడి బడి పిల్లలు, పోటీ పెట్టి ఎంచారు. పూర్వం కెప్టెన్ కుక్ సముద్రయానం చేసిన ఓడ పేరది. 1992 మే నెలలో మొదటిసారి ఎగిరింది. 2011 జూన్ 1న చివరిసారి దిగింది. మొత్తం 25 సార్లు పైకి పోయొచ్చింది. 1993 డిసెంబర్లో హబుల్ టెలిస్కోప్ కి అద్దం సరిగ్గా లేక బొమ్మలు మసకగా వస్తుంటే, పైకి పోయి సరిచేసి వచ్చింది ఈ ఎండీవరే. ఆ సంగతి ఫోన్లో చెప్తే నాన్న నవ్వారు. "ఆకాశంలో ఉన్నదానికి కళ్లజోడు పెట్టొచ్చినారు, ఈడ నాకు పెట్టలేకున్నారు" అన్నారు.

ఇక ఎగరదని తేల్చాక దాన్ని లాస్ ఏంజిల్స్ లోని సైన్స్ మ్యూజియంకి ఇచ్చారు. తనంతట తాను ఎగిరి పోలేదు కాబట్టి ఒక పెద్ద బోయింగ్ 747 విమానం వీపు మీద బిగించి తీసుకెళ్లారు. 122 అడుగుల పొడవు, 78 అడుగుల రెక్కలు. పసిబిడ్డను వీపున కట్టుకున్న తల్లిలా ఉంటుంది చూడ్డానికి. ఆ విమానం పైన, నౌకని బిగించేచోట ఎవరో చమత్కారి ఒక సూచన రాసిపెట్టాడు: నౌకని ఇక్కడ తగిలించండి, గమనిక, నల్లవైపు కిందికి ఉండాలి అని! మన మిక్సీ జార్ల మీద బాణం గుర్తులు వేస్తారే, అలాగన్నమాట.

సెప్టెంబర్ 19న ఫ్లోరిడా నుంచి బయల్దేరింది. దారిలో హ్యూస్టన్ లో ఆగి, 20న కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్ విమాన స్థావరానికి చేరింది. 21 శుక్రవారం పొద్దున అక్కడినుంచి లేచి, శాక్రమెంటో, శాన్ ఫ్రాన్సిస్కో, మా పక్కనున్న మోఫెట్ ఫీల్డ్, అక్కడినుంచి కిందికి లాస్ ఏంజిల్స్. జనం చూడాలని కావాలనే కిందుగా తిప్పారు. షటిళ్లని ఇలా వీపున మోసుకుపోవడం అదే ఆఖరు. ఇక ఎప్పటికీ లేదు.

ఆ ఏడు 19వ తేదీనే వినాయక చవితి. అమెరికాలో పండగ రోజున అందరికీ ఆఫీసులే కాబట్టి, గురువారం రాత్రి ఒక స్నేహితురాలి ఇంట్లో భజన, భోజనాలు పెట్టుకున్నాం. మామూలుగానే ఫోటోలు నేను. దీపాల వెలుగులో ఫ్లాష్ వేస్తే వినాయకుడి ముఖం తెల్లగా పాలిపోతుంది, అందుకని ఫ్లాష్ లేకుండా, అంకెలన్నీ చేత్తో పెట్టుకుని తీశాను. బాగా వచ్చాయి. ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. పిల్లవాడు భుజం మీద నిద్ర. కెమెరా సంచిలో పెట్టేసి పడుకున్నాను.

పొద్దున మావారు "నేను ఆఫీసు పార్కింగ్ లోంచి చూస్తాలే" అని వెళ్లిపోయారు. మావాడు ఒకటో తరగతి. టీచరమ్మకి ఫోన్ చేసి జ్వరమని చెబుదామనుకున్నాను. పొద్దున్నే వాడి ఎదురుగా అబద్ధమెందుకని ఉన్నమాటే చెప్పాను. ఆవిడ నవ్వి, "సోమవారం వచ్చి క్లాసులో అందరికీ చెప్పాలి, అట్లయితేనే" అంది. నాకు అప్పటికి కారు నడపడం సరిగా రాదు. లైట్ రైలు ఎక్కాం. 'బేషోర్ నాసా' అని స్టేషన్ ఉంది, దిగి నడిస్తే మోఫెట్ ఫీల్డ్ గేటు. పక్కన హైవే మీద కార్లు చీమల బారు. రైలే నయం.

ఇక్కడ ఆ చోటు గురించి కాస్త చెప్పాలి. మోఫెట్ ఫీల్డ్ లో నాసా వాళ్ల ఏమ్స్ పరిశోధన కేంద్రం ఉంది. మామూలు రోజుల్లో గేటు దాటనివ్వరు. ఆరోజు జనాన్ని లోపలికి రానిచ్చారు. అడుగుపెట్టగానే ఎడంగా ఒక మహా కట్టడం కనపడుతుంది, హ్యాంగర్ వన్ అంటారు. 1930లలో మేకన్ అనే గాలి ఓడని పెట్టడానికి కట్టిన కొట్టం అది. 1,133 అడుగుల పొడవు, 198 అడుగుల ఎత్తు. మన పల్లెల్లో పడవ బోర్లించినట్టు కడతారే పాక, దాన్ని వెయ్యి రెట్లు చేసుకోండి. దాని రేకుల్లో విషపదార్థాలున్నాయని ఆ రోజుల్లో ఊడదీయించారు. లోపలి ఇనుప కమ్మెలు పక్కటెముకల్లా బయటికి కనపడ్డాయి. అవతల ప్రపంచంలోకెల్లా పెద్ద గాలి సొరంగం ఉంది. విమానాల నమూనాలు లోపల నిలబెట్టి, పెద్ద ఫ్యాన్లతో గాలి వదిలి పరీక్ష చేస్తారు. షటిల్ కింద అతికించే పెంకులను వేడికి తట్టుకుంటాయో లేదో పరీక్షించింది కూడా ఈ కేంద్రంలోనే.

ఇంకొకటి. మన కల్పనా చావ్లా 1988లో ఉద్యోగంలో చేరింది ఇక్కడే. హర్యానాలో కర్నాల్ అనే ఊరి పిల్ల. విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టే పని. తర్వాత వ్యోమగామి అయింది. 1997లో ఒకసారి కొలంబియా నౌకలో పోయొచ్చింది. రెండోసారి 2003 ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా నౌక ముక్కలైంది. లేచేటప్పుడే నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్కకి తగిలి చిల్లు పడిందట. దిగేటప్పుడు ఆ చిల్లులోంచి మంటలాంటి గాలి దూరింది. మనకి అది శనివారం సాయంకాలం. టీవీలో చూస్తూ పప్పు మాడిపోయిన వాసన కూడా తెలియలేదు నాకు. అంతకు నాలుగైదు నెలల ముందు, 2002 సెప్టెంబర్ 12న, పుట్టింటికి పోయినప్పుడు మా డాబా మీదినుంచి ఒక రాకెట్ చూశాను, వాతావరణం చూసే ఉపగ్రహం తీసుకుపోయింది. ఆమె పోయిన తర్వాత దానికి కల్పన-1 అని పేరు మార్చారు. మా ఊరి మీదుగా పోయినదానికి ఆమె పేరు, ఆమె నడిచిన చోట నేను. ఆ గడ్డిలో నిలబడితే అదోలా అనిపించింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో పొగమంచు ఉందని ఒక గంట ఆలస్యంగా బయల్దేరారన్నారు. జనం మడత కుర్చీలు, టోపీలు, బైనాక్యులర్లు. తండ్రుల భుజాల మీద పిల్లలు. నా పక్కన కుర్చీలో ఒక ముసలావిడ. వాళ్లాయన ఆ గాలి సొరంగంలోనే పనిచేసి రిటైరై, పోయారట. నా డబ్బాలో రాత్రి మిగిలిన ఉండ్రాళ్లు, కుడుములు ఉన్నాయి. ఒకటి పెట్టాను. "బియ్యమా?" అంది. కొబ్బరి, బెల్లం కుడుము రెండోది తనే అడిగి తీసుకుంది.

నాన్న ఫోన్లో చెప్పింది మనసులో తిప్పుకుంటున్నాను. "దూరాన కనపడగానే కొట్టొద్దు. అందరూ తొందరపడి కొడతారు. నేనూ అట్టనే పోగొట్టుకున్నా. దగ్గరికి రానియ్యి."

పదిన్నర ప్రాంతంలో ఎవరో "అదిగో" అన్నారు. వాయవ్యం వైపు, శాన్ ఫ్రాన్సిస్కో దిక్కున, తెల్లగా ఒక చుక్క. చుక్క ఈగ అయింది. ఈగ పక్షి అయింది. పక్కనే బుల్లి జెట్ విమానం ఒకటి, బిడ్డ తోడున్నట్టు. ఒక్కసారిగా జనమంతా మాటలు ఆపేశారు. కెమెరాకి కన్నానించాను. విమానం వీపున బొద్దుగా, తెల్లగా, ముక్కు నల్లగా... ఎంత నింపాదిగా వస్తోందో! నాన్న చెప్పినట్టే ఆగాను. రానిచ్చాను. రెక్కమీది అక్షరాలు చదవొచ్చు అనిపించాక మూడు కొట్టాను, టక టక టక.

వెనక బుల్లి తెరలో చూసుకుంటే తెలుపు. ఉత్త తెలుపు! అన్నం వార్చిన గంజి ఒలకబోసినట్టు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. రాత్రి వినాయకుడి దీపాల దగ్గర పెట్టిన అంకెలు అలాగే ఉన్నాయి. చీకటి కోసం పెట్టినవి, మిట్ట ఎండలో వాడితే ఇంకేం మిగులుతుంది? పొద్దున లేవగానే మార్చుకోవాల్సింది. నాన్న స్టూడియో తెరవగానే మొట్టమొదట చేసే పని అదే. చిన్నప్పటినుంచీ చూశాను. అయినా మర్చిపోయాను.

చేతులు వణికాయి. ఆ చక్రం తిప్పుతున్నాను, ఈ చక్రం తిప్పుతున్నాను. ఐ.ఎస్.ఓ. 1600 నుంచి 200కి దించాలి, వేగం వెయ్యికి పెంచాలి, ఎనిమిది పెట్టాలి. మూడు అంకెలు. కొత్తిమీర తరిగినంతసేపు కూడా పట్టదు. కానీ ఆ కాసేపట్లోనే నెత్తిమీద గర్జన మొదలైంది. మావాడు నా కొంగు పట్టుకుని "అమ్మా, చూడు! అమ్మా, పైన! చూడూ!" అని అరుస్తున్నాడు. నేను తల ఎత్తలేదు. అంకెలు సరిచేసుకుని చూసేసరికి అది మమ్మల్ని దాటేసి వెళ్తోంది. దక్షిణం వైపుకి, రన్ వే మీదుగా. రెండు కొట్టాను. మూడోది కొడదామంటే ముందున్నాయన చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

అందరూ చప్పట్లే. ముసలావిడ కుర్చీలోంచి లేచి నిలబడి, కళ్లు తుడుచుకుంటోంది. నాకూ ఏడుపొచ్చింది కానీ అది వేరే ఏడుపు. నెత్తి మీద ఉన్నంతసేపూ కెమెరాతోనూ చూడలేదు, కంటితోనూ చూడలేదు. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఒకాయన ఉన్న ఒక్క కన్నుతో ఎదురుచూస్తున్నాడు, నా దగ్గర మూడు తెల్ల కాగితాలు, రెండు తోకలు.

తిరుగు రైల్లో మావాడు నోరు మూయలేదు. నేనే అడిగాను, "నెత్తిమీద ఎలా ఉందిరా?" అని. వాడికి ఆరేళ్లు. "కింద విమానం పొట్టే అమ్మా. పెద్ద పొట్ట. నాలుగు ఇంజన్లు. పైనున్నది అసలు కనపడలా. రెక్కల అంచులు కొంచెం నల్లగా కనపడ్డాయి. నీడ వచ్చింది మన మీద, చల్లగా అయింది, మళ్లీ ఎండ వచ్చేసింది." నీడ వచ్చిన సంగతి కూడా నాకు తెలియదు చూడండి.

రాత్రి ఫోన్లో నాన్నకి జరిగినదంతా చెప్పాను. మావాడు ఫోన్ లాక్కుని వాడి వంతు చెప్పాడు. తాతా మనవడు చాలాసేపు మాట్లాడుకున్నారు. పొట్ట ఎంతుంది, నీడ ఎంతసేపుంది, చప్పుడు ముందొచ్చిందా విమానం ముందొచ్చిందా, అన్నీ అడిగించుకున్నారు నాన్న. నాతో ఒకటే అన్నారు: "ఆ రెండు పంపు. ఎట్టున్నా పంపు."

రెంటిలో ఒకటి కాస్త నయం. దాన్ని పెద్దది చేయించి, గొట్టంలో చుట్టి కొరియర్ లో వేశాను. అందులో విమానం తోక, దానిపైన నౌక వెనకభాగానికి తొడిగిన మొనదేరిన టోపీ, ఎడంచేతి మూలన హ్యాంగర్ వన్ ఇనుప ఎముకలు కొన్ని. నేల ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఆ డిసెంబర్ సెలవుల్లో మావారు లాస్ ఏంజిల్స్ తీసుకెళ్లారు. ఆరు గంటల కారు ప్రయాణం, రెండు డబ్బాల పులిహోర. అక్టోబర్ 12 నుంచి 14 దాకా విమానాశ్రయం నుంచి మ్యూజియందాకా పన్నెండు మైళ్లు దాన్ని వీధుల్లో నడిపించారట, మన రథోత్సవంలాగా. ఇళ్ల ప్రహరీలకి రెక్కలు తగలకుండా అడుగడుగునా కొలుచుకుంటూ. దారికోసం దాదాపు 400 చెట్లు కొట్టేశారు. ఆ వీధుల వాళ్లు బాధపడ్డారంటే పడరూ మరి! బదులుగా ఎక్కువ నాటుతామని ఒప్పుకున్నాకే ఊరుకున్నారు.

అక్టోబర్ 30 నుంచి జనానికి చూపించడం మొదలెట్టారు. షెడ్డులో స్తంభాల మీద ఎత్తి పెట్టారు, కింద నడిచి పోవచ్చు. పొట్టంతా పెంకులు, వేలల్లో. ఒక్కో దానికి ఒక్కో నంబరు, ఒక చోటిది ఇంకోచోట పట్టదు. ఇసుకలోని సిలికా పీచుతో చేస్తారు, దూదిలా తేలిక. ఎర్రగా కాలిన దాన్ని కూడా అంచులు పట్టుకుని వట్టి చేత్తో ఎత్తొచ్చట, అంత తొందరగా అంచులు చల్లబడతాయి. అలాంటి మసిగుడ్డ ఒకటి మనకుంటే! 25 ప్రయాణాల కాలిన మరకలు ఇంకా ఉన్నాయి. తోమలేదు. మంచిపని చేశారు.

నన్ను అన్నిటికన్నా ఆపేసింది వాళ్ల వంటిల్లు. తీసి పక్కన విడిగా పెట్టారు. మన గోడ అలమారంత ఉంటుంది, అంతే! పొయ్యి లేదు, ఫ్రిజ్ లేదు. వేడినీళ్లు ఇచ్చే సూది, చిన్న వేడిగాలి ఓవెన్. ఎండబెట్టిన ఆహారం పొట్లంలో నీళ్లు ఎక్కించి నానబెట్టుకోవడమే. రొట్టె ముక్క కొరికితే పొడి గాలిలో తేలి మిషన్లలో దూరుతుందని, 1985 తర్వాత మెక్సికో వాళ్ల టార్టిల్లాలు తీసుకుపోయేవాళ్లు. మన పుల్కాలే అనుకోండి. పైన బరువు లేనందువల్ల ముక్కు దిబ్బడేసినట్టు ఉండి రుచి తెలియదట, అందుకని కారం, ఘాటు ఉన్నవి అడుగుతారట. ఆవకాయ సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు కాబోలు. ఆ పక్కనే వాళ్ల మరుగుదొడ్డి కూడా పెట్టారు, పిల్లలంతా అక్కడే గుంపు. మావాడు నాలుగుసార్లు చూసొచ్చాడు.

ఇప్పుడు వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. అలా పడుకోబెట్టిన ప్రదర్శన 2023 డిసెంబర్ 31తో మూసేశారు. 2024 జనవరిలో క్రేన్లతో ఎత్తి, పెద్ద ఇంధన తొట్టి, రెండు రాకెట్లతో సహా ఎగరబోయే భంగిమలో నిలువుగా నిలబెట్టారు, చుట్టూ కొత్త భవనం కట్టడానికి. మిగిలిన వాటిలో డిస్కవరీ వాషింగ్టన్ దగ్గర వర్జీనియాలో, అట్లాంటిస్ ఫ్లోరిడాలో ఉన్నాయి. మన దగ్గరే చూడాలంటే, శ్రీహరికోటలో 2019 నుంచి జనం కూర్చుని రాకెట్ చూసే గ్యాలరీ ఉంది, ముందుగా ఇంటర్నెట్ లో పేరు నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేట స్టేషన్ చెన్నై, గూడూరు మధ్యలో. వచ్చినవాళ్లు కాళంగి ఒడ్డున చెంగాళమ్మని కూడా చూసి పోండి, ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. చలికాలమైతే పులికాట్ లో ఫ్లెమింగోలు.

కొరియర్ చేరిన రోజు తమ్ముడు ఫోన్ కలిపాడు. నాన్న ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, స్టూడియోలో నెగటివ్ లు దిద్దే భూతద్దం పెట్టి, ఎడమకంటితో అంగుళం అంగుళం చూశారట. అరగంట పట్టింది. గొట్టంలోంచి చూసే చూపు కదా, మొత్తం ఒకేసారి కనపడదు.

"నేల ఒరిగింది పాపా" అన్నారు మొదట.

"అవును నాన్నా."

"ఆ ఇనుప ఎముకలు బాగా పడినాయి. అవి లేకపోతే అది ఎంతుందో తెలిసేది కాదు." కాసేపు ఆగారు. "నీకు తోకన్నా దొరికింది. నాకు పొగే గదా."

2016లో ఆయన పోయారు. అంతకు ఏడాది ముందే ఆ కన్ను కూడా మూసుకుపోయింది. స్టూడియో అద్దెకిచ్చేశాం. రెండు ఫోటోలూ ఇంట్లో హాల్లో ఒకే మేకు వరసన ఉన్నాయి, పొగ, తోక. మేం 2014లోనే హైదరాబాద్ వచ్చేశాం. 2023 జూలై 14న చంద్రయాన్-3 వదిలేనాటికి నేను అమ్మ దగ్గరే ఉన్నాను. డాబా మీద అమ్మ మిరపకాయలు ఎండబెట్టుకుంది, వాటిని తొక్కకుండా ఒక మూలగా నిలబడ్డాను. మావాడు హైదరాబాద్ లో కాలేజీ, ఫోన్ చేసి "అమ్మా, అంకెలు మార్చుకున్నావా?" అన్నాడు. పొద్దున్నే మార్చాను. రెండూ ముప్పై ఐదుకి నిప్పు లేచింది. ఒక ఫోటో తీసి కెమెరా దించేశాను. అమ్మ పక్కన నిలబడి ఉత్త కళ్లతోనే చూశాను, అది మబ్బులో కలిసిపోయేదాకా. తర్వాత చప్పుడు వచ్చింది. కింద వంటింట్లో గ్లాసులు గలగలమంటుంటే, పాలమీద మూత పెట్టానో లేదోనని అమ్మ మెట్లు దిగిపోయింది.